బాకీ పెట్టి ఖాళీ చేసి వెళ్లిపోయిన వాళ్ల దగ్గర డబ్బు రాబట్టడం: ముందు రంగులు వేయించకండి

మీరు అడిగింది ఒకసారి క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీరు బెంగళూరులో ఉంటున్నారు. హైదరాబాద్ నిజాంపేటలో ఉన్న మీ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నెలకు 22,000కి అద్దెకిచ్చారు, అడ్వాన్స్ రెండు నెలలది, అంటే 44,000 తీసుకున్నారు. మూడేళ్లున్న ఆ కుటుంబం చివరి నాలుగు నెలలు అద్దె కట్టకుండా, ఒక్క మాట చెప్పకుండా, తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. వంటగట్టు గ్రానైట్ పగిలింది, కబోర్డ్ తలుపులు ఊడాయి, గీజర్ కనిపించడం లేదు, ఒక మంచం, ఒక బీరువా లోపలే వదిలేశారు. అగ్రిమెంట్ 11 నెలలది, నోటరీ చేయించారు, దాని గడువు ఎప్పుడో అయిపోయింది, మళ్లీ రాసుకోలేదు. ఇప్పుడు మీరు వేసిన లెక్క ఇది: అద్దె బాకీ 88,000, మెయింటెనెన్స్ 10,000, కరెంటు బిల్లు 6,400, ఇల్లంతా రంగులు 38,000, కొత్త గీజర్ 9,500, గ్రానైట్, కబోర్డ్‌లకు 26,000, ఇల్లు ఖాళీగా ఉండే రెండు నెలల అద్దె 44,000, టెన్షన్ పెట్టినందుకు 20,000. మొత్తం 2,41,900. ఈ వారంలోనే పెయింటర్‌ని పంపిస్తున్నానని కూడా రాశారు.

ముందు ఆ పెయింటర్‌ని ఆపండి. మిగతాదంతా తర్వాత.

నేను హైదరాబాద్‌లో వేరే ఊళ్లలో, విదేశాల్లో ఉండే వాళ్ల ఫ్లాట్లు చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను, ఇలాంటి గొడవల్లో లాయర్ల దగ్గర కూర్చోవడం కూడా అలవాటైపోయింది. లాయర్ కాదు, అది గుర్తుపెట్టుకోండి. కానీ డబ్బు వచ్చిన కేసులకూ రాని కేసులకూ తేడా ఎక్కడుందో దగ్గర్నుంచి చూశాను. అద్దెకున్నాయన ఎంత చెడ్డవాడు అన్న దాని మీద అది ఆధారపడదు. తాళం చేతికొచ్చిన మొదటి కొద్ది రోజుల్లో ఓనర్ ఏ కాగితాలు, ఏ ఫొటోలు పోగేశాడు, బాకీ ఇంత అని అవతలి వాడి చేత సంతకం పెట్టించుకోగలిగాడా లేదా, అంతే. మియాపూర్‌లో ఒక ఓనర్ గారు కోపం కొద్దీ ఒక్క ఫొటో కూడా తీయకుండా లప్పం పెట్టించి రంగులు వేయించి, ఆ తర్వాత లాయర్ దగ్గరికి వెళ్లారు. గోడలు ఎలా ఉండేవో చూపించడానికి ఆయన దగ్గర పెయింటర్ ఇచ్చిన చీటీ తప్ప ఏమీ లేదు. అద్దెకున్నాయన మాత్రం ఖాళీ చేసిన రోజు ఇల్లు కడిగి ఇచ్చానంటూ ఫొటోలు చూపించాడు.

కాబట్టి ఈ శనివారం మీరే రండి, లేదా మీవాళ్లెవరినైనా పంపండి. తలుపు తీసేటప్పుడు అసోసియేషన్ సెక్రటరీ గారినో పక్క ఫ్లాట్ వాళ్లనో, వాచ్‌మన్‌నో పక్కన ఉంచుకోండి. తలుపు బయట ఫ్లాట్ నంబర్ దగ్గర వీడియో మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా ఒక్కో గది తిరగండి. కరెంటు మీటర్ రీడింగ్ కనిపించాలి. వంటగట్టు పగులు దగ్గరికి వచ్చినప్పుడు పైపైన చూపించి వెళ్లిపోవద్దు. పగులు పక్కన టేపు పెట్టి పొడవు కనిపించేలా, కింద నుంచి కూడా, గట్టు కింద చెక్క ఊడిందా, తేమ చేరిందా అన్నది కూడా చూపించండి. ఎందుకంటే రేపు వాళ్లు కచ్చితంగా "అది పాత గ్రానైట్, ముందే పగిలి ఉంది" అంటారు. పాత పగులైతే అందులో నూనె జిడ్డు, మురికి నల్లగా పేరుకుని ఉంటుంది, ఈ మధ్య పగిలిందైతే లోపల రాయి రంగు తెల్లగా తేటగా ఉంటుంది. ఆ తేడా దగ్గర్నుంచి తీసిన ఫొటోలో తెలుస్తుంది, నెల గడిచాక ఆ తేటదనం కూడా పోతుంది. గీజర్ ఉన్న చోట గోడకు మేకుల గుర్తులు, వేలాడుతున్న పైపులు తీయండి. చివరన ఒక తెల్లకాగితం మీద "ఫలానా తేదీ ఫలానా టైముకు మా ఎదుట ఇల్లు తెరిచారు, ఈ నష్టాలు కనిపించాయి, ఈ సామాన్లు లోపల ఉన్నాయి" అని రాసి ఇద్దరి సంతకాలు, ఫోన్ నంబర్లు తీసుకోండి. వాచ్‌మన్ దగ్గర తాళాలు ఏ తేదీన ఇచ్చారో కూడా రాయించండి. మీ గేటు దగ్గర యాప్‌లో బండ్ల ఎంట్రీలు పెడుతుంటే ప్యాకర్ల బండి బయటికి వెళ్లిన రోజు అందులో ఉంటుంది, అసోసియేషన్‌ని అడిగి ఆ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీయించండి.

వాళ్లు దిగినప్పుడు ఇల్లు ఎలా ఉందో చూపించే ఫొటోలు లేవని రాశారు. ఉండే ఉంటాయి, వెతకండి. మూడేళ్ల కిందట టు-లెట్ అని ఏదో వెబ్‌సైట్‌లోనో వాట్సాప్ గ్రూపుల్లోనో ఫొటోలు పెట్టి ఉంటారు కదా, వంటిల్లు ఫొటో లేకుండా ఎవరూ ప్రకటన పెట్టరు. ఆ మెసేజ్‌కి తేదీ ఉంటుంది. బ్రోకర్ ద్వారా ఇచ్చి ఉంటే ఆయన ఫోన్‌లో కూడా ఉండొచ్చు.

వదిలేసిన మంచం, బీరువా గురించి. వాటిని అమ్ముకుని బాకీలో జమ వేసుకుందామన్న ఆలోచన వద్దు. జాబితా రాసి, ఫొటో తీసి, ఒక గదిలోనో అసోసియేషన్ అనుమతితో ఎక్కడైనా మూలనో పెట్టి, పదిహేను రోజుల్లో వచ్చి తీసుకెళ్లమని రాతపూర్వకంగా పంపండి. అది పెద్ద పని కాదు. కానీ చేయకపోతే మీరు బాకీ అడిగిన రోజు "మా బీరువాలో బంగారం ఉండేది" అనే మాట మొదలవుతుంది. బీరువా తాళం వేసి ఉంటే పగలగొట్టవద్దు.

ఇక మీ లెక్క. కోపంలో వేసిన లెక్క అని కనిపిస్తూనే ఉంది. మీ బాధ న్యాయమైనదే, నాలుగు నెలలు ఈఎంఐ సొంత జేబులోంచి కట్టి, పైగా ఫోన్ ఎత్తని మనిషి వెంట పడటం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ 2,41,900 అడిగితే అవతలి లాయర్ ముందు మీ లెక్కలో తప్పుల్నే పట్టుకుంటాడు, నిజమైన బాకీ కూడా అనుమానంలో పడుతుంది. కాబట్టి నిలబడేదే అడగండి.

అద్దె 88,000, మెయింటెనెన్స్ 10,000, కరెంటు 6,400. వీటిలో సందేహం లేదు. మెయింటెనెన్స్, కరెంటు మీరే ముందు కట్టేయండి, ఎలాగూ అసోసియేషన్ ఓనర్‌నే అడుగుతుంది, కరెంటు సర్వీసు మీ పేరున ఉంది కాబట్టి కనెక్షన్ తీసేస్తే నష్టం మీకే. కట్టి రసీదులు దాచుకోండి, అవే సాక్ష్యం. ఒక చిన్న జాగ్రత్త: కరెంటు బిల్లులో అదనపు సెక్యూరిటీ డిపాజిట్, అదే ఏసీడీ అని ఒక మొత్తం వేసి ఉంటే అది వాళ్ల మీద వేయకండి, ఆ డబ్బు మీ సర్వీసు నంబర్ మీదే డిపాజిట్‌గా ఉంటుంది.

రంగుల దగ్గరే అందరూ గొడవ పడతారు. అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో తిరిగి ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్తుంది, కానీ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలను అదే సెక్షన్ మినహాయించింది. మూడేళ్లు మనుషులు ఉన్న ఇంట్లో రంగు మాయడం అరుగుదలే. మన దగ్గర ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం వాడుకలో ఉంది, అది అగ్రిమెంట్‌లో రాసి ఉంటే అడగండి. మీ దాంట్లో రాయలేదన్నారు. అప్పుడు పిల్లలు క్రేయాన్లతో గీసిన బెడ్‌రూమ్ గోడలు, టీవీ పీకినప్పుడు ఊడిన లప్పం, వీటికి మాత్రమే పెయింటర్ చేత విడిగా అంచనా రాయించండి. మీరు పంపిన వివరాన్ని బట్టి 9,000 దాకా వస్తుంది. గీజర్ అయిదేళ్లదన్నారు, కొత్తదాని ధర మొత్తం రాదు, సగం వేయండి, 4,500. గ్రానైట్, కబోర్డ్‌ల 26,000లో కూడా పాతదాన్ని కొత్తదానితో మార్చుకునే లాభం మీకు ఉంది కాబట్టి 16,000 దగ్గర ఆగండి. కార్పెంటర్ అంచనా తారీకు, పేరు, ఫోన్ నంబర్, ఏ తలుపు ఎంత అన్న వివరంతో ఉండాలి, "రిపేర్లు 26,000" అని ఒక్క లైను చీటీ అయితే ఎవరూ నమ్మరు.

ఇల్లు ఖాళీగా ఉండే రెండు నెలల అద్దె బదులు నోటీసు లేకుండా వెళ్లినందుకు ఒక నెల అద్దె 22,000 అడగండి. మీ అగ్రిమెంట్‌లో ఒక నెల ముందు చెప్పాలని ఉంది కదా. గడువు అయిపోయాక కూడా మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు, వాళ్లు ఉంటూ వచ్చారు, అంటే నెలసరి అద్దెదారుగా పాత షరతుల మీదే కొనసాగినట్టు. వాళ్ల లాయర్ చట్టప్రకారం పదిహేను రోజుల నోటీసే అని వాదించొచ్చు, బేరంలో అది వదులుకోవాల్సి వస్తే వదులుకోండి. టెన్షన్‌కి 20,000 తీసేయండి. అమ్మా, మీ టెన్షన్ నిజమే, కానీ ఇలాంటి దావాలో దానికి డబ్బు రాదు.

మొత్తం 1,55,900 అయింది. ఇందులోంచి అడ్వాన్స్ 44,000 తీసేయాలి. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. అడ్వాన్స్‌ని దేనికి జమ వేస్తున్నారన్నది. అందరూ ఆలోచించకుండా అద్దెలో రెండు నెలలకు జమ వేసేస్తారు, చేతిలో మిగిలేవి గ్రానైట్, గీజర్, గోడలు, అంటే నిరూపించడానికి కష్టమైనవన్నీ. మీ అగ్రిమెంట్‌లో వరుస ఫలానా అని రాసి లేకపోతే, అడ్వాన్స్‌ని ముందు నష్టాలకు, మీరు కట్టిన బిల్లులకు జమ వేయండి: 10,000, 6,400, 9,000, 4,500, 16,000 కలిపి 45,900. అడ్వాన్స్ పోను 1,900 మిగులుతుంది, అది వదిలేయండి. ఇప్పుడు మీకు రావాల్సింది అద్దె 88,000, నోటీసు నెల 22,000, కలిపి 1,10,000. నెలనెలా ఇంత అద్దె పడేదని మీ బ్యాంకు స్టేట్‌మెంట్ చెప్తుంది, ఏ నెల నుంచి ఆగిందో కూడా అదే చెప్తుంది. ఇంత శుభ్రమైన బాకీని కాదనడం కష్టం. నష్టాల సంగతి వాళ్లే ఎత్తితే వీడియో, అంచనాలు మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి.

ఈ లెక్క ఒక పేజీలో రాసి, ఫొటోలతో సహా ముందు మీరే మామూలుగా పంపండి, లాయర్ నోటీసు కాదు. వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో రెండింటిలో. మర్యాదగానే రాయండి, మోసం, దొంగతనం లాంటి మాటలు లేకుండా. ఫోన్లో మాట్లాడినా ఆ మాట్లాడింది మళ్లీ మెసేజ్‌లో పెట్టండి. "ఇప్పుడు ఇబ్బందుల్లో ఉన్నాను, రెండు నెలల్లో సర్దుతాను" అని ఆయన ఒక్క మెసేజ్ పెట్టినా అది బాకీ ఒప్పుకున్నట్టే కదా, జాగ్రత్తగా దాచుకోండి. చాట్‌ని డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, పాత చట్టంలో 65బీ అనేవాళ్లు, అదే. మీ లాయర్ తయారు చేస్తారు.

మెసేజ్ కంటే వంద రెట్లు విలువైనది సంతకం ఉన్న కాగితం. నా దృష్టిలో మీ ప్రయత్నమంతా దీని మీదే పెట్టాలి. ఆయన మంచం, బీరువా కోసం వచ్చినప్పుడు, లేదా బేరానికి కూర్చున్నప్పుడు, ఒప్పుకున్న మొత్తానికి ప్రోనోటు రాయించుకోండి, రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో. దానికి తోడు వాయిదాల తేదీలు వేసిన చెక్కులు తీసుకోండి. 1,10,000కి బదులు 90,000 ఇస్తానంటే, మూడు నాలుగు వాయిదాల్లో ఇస్తానంటే, నేనైతే ఒప్పుకుంటాను. పాత అగ్రిమెంట్ మీద దావా వేస్తే గడువు అయిపోయింది, స్టాంపు డ్యూటీ తక్కువ కట్టారు అని రకరకాలుగా అడ్డుపడతారు. స్టాంపు తక్కువైతే తేడా, దాని మీద పదింతల పెనాల్టీ కట్టి సరిచేసుకునే దారి ఉంది గానీ అదొక ఖర్చు. ప్రోనోటు చేతిలో ఉంటే ఆ తలనొప్పులేవీ ఉండవు, మూడేళ్ల లిమిటేషన్, అంటే దావా వేయడానికి ఉన్న గడువు కూడా కొత్తగా మొదలవుతుంది.

చెక్కు బౌన్స్ అయితే తేదీలు ఒక్కటి కూడా తప్పకూడదు. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయినట్టు బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందాక ఆయనకు 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెల లోపల నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు వేయాలి. మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులో వేయొచ్చు కాబట్టి బెంగళూరు ఖాతాలో చెక్కు వేస్తే కేసు బెంగళూరులోనే నడుస్తుంది, మీకు అది సుఖం. రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా లేదా రెండూ పడే నేరం కాబట్టి, ఉద్యోగం చేసుకునేవాళ్లు సాధారణంగా ఈ దశలోనే దిగొస్తారు.

మెసేజ్‌లకు జవాబే లేకపోతే అప్పుడు లాయర్ నోటీసు. అందులో బాకీ, దాని మీద వడ్డీ, కట్టడానికి 15 రోజుల గడువు అడగండి. వడ్డీ నోటీసులోనే అడిగి ఉంచితే తర్వాత దావాలో నోటీసు తేదీ నుంచి కోరడానికి ఆధారం ఉంటుంది. ఏ అడ్రసుకు పంపాలన్నదే అసలు సమస్య. అగ్రిమెంట్‌కి జత చేసిన ఆధార్ కాపీ మీద ఊరి అడ్రసు ఉంటుంది, ఆయన ఉద్యోగం చేసే ఆఫీసు అడ్రసు ఉంటుంది, ఈమెయిల్ ఉంటుంది, అన్నింటికీ పంపండి, డెలివరీ రుజువు వచ్చేలా. కవరు "ఇల్లు మారారు" అనో "తీసుకోలేదు" అనో తిరిగొస్తే దాన్ని విప్పకుండా అలాగే లాయర్‌కి ఇవ్వండి. సరైన అడ్రసుకు పోస్టు చేసిన నోటీసు అందినట్టే అనుకునే అవకాశం చట్టంలో ఉంది, విప్పని కవరు దానికి రుజువు.

ఆఫీసుకు నోటీసు పంపడం వేరు, ఆఫీసు హెచ్ఆర్‌కి ఫోన్ చేసి మీ ఉద్యోగి దొంగ అని చెప్పడం వేరు. రెండోది వద్దు. కవరు మీద ఆయన పేరు, పర్సనల్ అని రాసి పంపమనండి. అలాగే ఆయన ఆధార్ కాపీని, కుటుంబం ఫొటోని "ఈ టెనెంట్‌కి ఇల్లు ఇవ్వకండి" అని ఏరియా గ్రూపుల్లో పెట్టమని మీకు చాలామంది సలహా ఇస్తారు. పెట్టకండి. పరువునష్టం అని ఎదురు నోటీసు వస్తే మీ 1,10,000 పక్కకు పోయి అదే అసలు గొడవ అవుతుంది. ఊళ్లో ఉన్న ఆయన ముసలి తల్లిదండ్రులకు ఫోన్లు చేసి బెదిరించడం అంతకంటే వద్దు, బాకీ వాళ్లది కాదు.

పోలీసుల గురించి అడిగారు. అద్దె బాకీ అంటే సివిల్ మ్యాటర్ అని స్టేషన్‌లో పంపించేస్తారు, అది నిజం కూడా. గీజర్ తీసుకుపోవడం మాత్రం వేరే సంగతి, మీ వస్తువు మీ అనుమతి లేకుండా పట్టుకుపోతే అది దొంగతనం ఫిర్యాదు అవుతుంది. కానీ 4,500 విలువ చేసే పాత గీజర్ కోసం స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక ఉందా అన్నది మీరు ఆలోచించుకోండి. ఏసీలు, ఫర్నిచర్ పోయినప్పుడైతే నేను కచ్చితంగా ఫిర్యాదు ఇవ్వమంటాను.

నోటీసుకూ కదలకపోతే నేరుగా దావాకి వెళ్లే ముందు ఒక మెట్టుంది, దాన్ని వాడుకోండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిటిషన్ పెట్టుకోవచ్చు, నిజాంపేట మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కింద వస్తుంది కాబట్టి ఆ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో. కోర్టు ఫీజు ఉండదు. వాళ్లు ఆయనకు నోటీసు పంపి ఇద్దర్నీ కూర్చోబెడతారు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో (అమలు చేయించుకోగల తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. రాజీ కుదరకపోతే వాళ్లేమీ బలవంతం చేయలేరు. అయినా సగం మంది మీరు పంపిన నోటీసుకి కదలరు గానీ కోర్టు ఆవరణ నుంచి కాగితం వచ్చిందంటే కదులుతారు, నేను చూసినంతలో.

దావా అంటే, రాతపూర్వక ఒప్పందం మీద లేదా ప్రోనోటు మీద ఇంత అని తేలిన మొత్తం కోసం సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 37 కింద సమ్మరీ సూట్, అంటే త్వరగా తేల్చే దావా వేయొచ్చు. సమన్లు అందిన 10 రోజుల్లో ప్రతివాది హాజరు వేయాలి, ఆ తర్వాత వాదించుకోవడానికి కోర్టు అనుమతి అడగాలి, సరైన కారణం చూపించకపోతే డిక్రీ వచ్చేస్తుంది. నష్టపరిహారం లాంటి తేలని మొత్తాలు ఇందులో పట్టవు. అడ్వాన్స్‌ని నష్టాలకు జమ వేయమన్నది ఇందుకే. మామూలు దావా అయితే ఏళ్లు పట్టొచ్చు, అది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక్కో నెల అద్దెకు అది కట్టాల్సిన తేదీ నుంచి మూడేళ్ల లోపల దావా పడాలి, కాబట్టి తొందరపడి వేయక్కర్లేదు, మరిచిపోయి కూర్చోనూ కూడదు.

అన్నింటికంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: డిక్రీ వస్తే వసూలు చేయడానికి ఆయన దగ్గర ఏముంది? ఉద్యోగం ఉంటే జీతం అటాచ్ చేయించొచ్చు. సీపీసీ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. అంటే 50,000 జీతమైతే నెలకు 16,333 దాకా పట్టుకోవచ్చు, అలా మొత్తం మీద 24 నెలలు దాటకూడదు. మీ 1,10,000కి ఏడు నెలలు చాలు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి ఇలా చేశారేమో అని మీరే రాశారు కదా. అదే నిజమైతే ఇప్పుడు దావాకి లాయర్ ఫీజు పెట్టడం కంటే, ప్రోనోటు రాయించుకుని మళ్లీ ఉద్యోగం దొరికేదాకా ఆగడం మేలు. డిక్రీ వచ్చినా దాన్ని అమలు చేసుకోవడానికి 12 ఏళ్ల గడువుంటుంది, అదీ గుర్తుంచుకోండి. అసలు ఉద్యోగమూ లేక, పేరున ఆస్తీ లేక, అడ్రసూ తెలియని మనిషి అయితే నష్టాన్ని అడ్వాన్స్‌తో సరిపెట్టుకుని ఇల్లు అద్దెకిచ్చుకోమనే చెప్తాను.

ట్యాక్స్ విషయం మీరు అడగలేదు గానీ చెప్తున్నాను, ఎందుకంటే ఇందులో డబ్బు ఖాయంగా మిగులుతుంది. రాని అద్దె మీద ట్యాక్స్ కట్టక్కర్లేదు, కొన్ని షరతులున్నాయి: నిజమైన అద్దె ఒప్పందమై ఉండాలి, వాళ్లు ఖాళీ చేసి ఉండాలి లేదా చేయించే ప్రయత్నం జరిగి ఉండాలి, మీ ఇంకో ఇంట్లో వాళ్లు అద్దెకు ఉండకూడదు, బాకీ కోసం కోర్టుకు వెళ్లి ఉండాలి లేదా వెళ్లినా లాభం లేదని అధికారికి చూపించగలగాలి. మీ మెసేజ్‌లు, తిరిగొచ్చిన కవరు ఇక్కడ కూడా పనికొస్తాయి. తర్వాత ఆ డబ్బు వస్తే వచ్చిన ఏడాది ఆదాయంలో చూపించాలి, అందులోంచి 30 శాతం తగ్గింపు ఉంటుంది. రిపేర్ల ఖర్చుని మాత్రం అద్దె ఆదాయంలోంచి విడిగా తగ్గించుకోలేరు, ఆ 30 శాతంలోనే అన్నీ కలిసిపోతాయి.

కొత్తవాళ్లకు ఇల్లు ఇప్పుడే ఇవ్వొచ్చా, కేసు తేలేదాకా ఖాళీగా ఉంచాలా అని అడిగారు. వీడియో, సాక్షి సంతకాలు, అంచనాలు పూర్తయిన మర్నాడే రిపేర్లు చేయించి టు-లెట్ బోర్డు పెట్టేయండి. నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత నష్టపోయిన వాళ్ల మీద కూడా ఉంటుంది, ఊరికే ఖాళీగా ఉంచి ఆ నెలల అద్దె కూడా ఆయనే ఇవ్వాలంటే కోర్టు ఒప్పుకోదు. పగిలిన గ్రానైట్ ముక్క ఒకటి, ఊడిన తలుపు ఒకటి మాత్రం పారేయకుండా ఉంచండి. కొత్త అగ్రిమెంట్‌లో రంగుల షరతు, నోటీసు షరతు, అడ్వాన్స్ ఏ వరుసలో జమ అవుతుందన్నది, మూడూ రాయించండి. రెండో నెల అద్దె ఆగిన రోజే రాతపూర్వకంగా అడగండి, నాలుగో నెల దాకా ఆగొద్దు.

ఒక్కటి మిగిలింది. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు మీ లెక్క అందిన వారంలో ఆయన 15,000 లేదా 20,000 పంపి "ఇక సెటిల్ చేసుకుందాం ఆంటీ" అంటారు. తిప్పి పంపకండి, తీసుకోండి. కానీ అదే రోజు "20,000 అందింది, 1,10,000 బాకీలో జమ వేసుకున్నాను, ఇంకా 90,000 రావాలి" అని మెసేజ్ పెట్టండి. ఆయన పంపే కాగితంలో బాకీ మొత్తం తీరిపోయినట్టు ఎక్కడైనా రాసి ఉంటే మాత్రం, ఎంత తొందరపెట్టినా, లాయర్ చదివేదాకా సంతకం పెట్టకండి.